ప్రణాళిక మారునంత వరకు

శ్రోతలలో ఇల్లు కట్టించినవారు అనేకులుందురు. వారికి ఒక సంగతి అనుభవముననే తెలియును. పని మొదలు పెట్టుటకు ముందు మేస్త్రి స్థలముపై ముగ్గు పోసి, గదులెక్కడ, గుమ్మమెక్కడ, మెట్లెక్కడ అని చూపించును. ముగ్గు పోయుచున్నంతసేపు యజమాని ఎన్ని మార్పులనైనను చెప్పవచ్చును. కాని ఒక ప్రక్క ముగ్గు పోయుచుండగనే మరియొక ప్రక్క కూలీలు పునాది త్రవ్వి రాయి పేర్చినచో, ఆ పిమ్మట మార్పు చెప్పి ప్రయోజనము లేదు. లేచిన గోడయే ఇంటి నమూనాను నిర్ణయించును.

నగరము విషయమునను చిక్కు ఇదియే. ఏ వీధిలో ఇండ్లుండవలెను, ఏ వీధిలో అంగళ్లుండవచ్చును, కర్మాగారములకు చోటెక్కడ, మేడ ఎన్ని అంతస్తులు లేవవచ్చును, వాననీరు పోవుటకు ఎంత నేల విడువవలెను అను సంగతులను నిర్ణయించునవి భూవినియోగ నిబంధనలు. నగరము పెరిగిన కొలది ఈ నిబంధనలు పాతబడును. వానిని సవరింపవలెనన్నచో కొలతలు తీయవలెను, పటములు గీయవలెను, ప్రజల అభ్యంతరములను వినవలెను, సభలో చర్చింపవలెను. ఇది నెలల పని. ఒక్కొక్కప్పుడు సంవత్సరముల పని. ఈ నడిమి కాలమున ఏమి జరుగవలెను? పాత నిబంధనల ప్రకారము ఎవరికి తోచినట్లు వారు కట్టుకొనుచు పోవచ్చునా? లేక కొంతకాలము పని నిలుపవలెనా? ఈ ప్రశ్నకు పెక్కు నగరములు కనిపెట్టిన సమాధానమే తాత్కాలిక భూవినియోగ నియంత్రణ. అది ఎట్లు పుట్టినది, ఎట్లు పనిచేయును, దాని భారము ఎవరి నెత్తిన పడును అను విషయములను ఇప్పుడు పరిశీలింతము. ఈ కథ విస్తారముగా నడచినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున. కావున మన ఉదాహరణములలో అధికభాగము అక్కడివే.

నిబంధనలు మారనున్నవను వార్తయే ఒక పరుగుపందెమునకు నాంది. రేపు మూడంతస్తులకు మించి కట్టరాదని నిబంధన వచ్చునని తెలిసినచో, ఎనిమిది అంతస్తులు కట్టదలచినవాడు నేడే అర్జీ పెట్టును. రెండేండ్ల తరువాత కట్టుదమనుకొన్నవాడు కూడ అప్పుచేసియైనను పునాది వేయును. నగరోద్యోగులు ఏ దోషమును సరిదిద్దుటకు పటములు ముందు వేసికొని కూర్చుండిరో, ఆ దోషము వారి కన్నుల యెదుటనే ద్విగుణీకృతమగును. కొత్త నిబంధన వెలువడునప్పటికి అది కాపాడవలసిన నేల మిగిలి ఉండదు.

ఈ పరుగుకు చట్టములోనే ఒక కారణము కలదు. నిబంధన మారుటకు ముందే అనుమతి పొంది పని సాగించినవానికి, ఆ పనిని పాత నిబంధన ప్రకారమే ముగించుకొను హక్కు సంక్రమించును. ఆ హక్కు ఏ క్షణమున పుట్టును అనునదే అసలు ప్రశ్న. కాలిఫోర్నియా రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 1976లో ఒక తీర్పు చెప్పెను. సముద్రతీరమున పెద్ద కాలనీ నిర్మింపదలచిన ఒక సంస్థ నేల చదును చేయుటకును, తక్కిన ఏర్పాట్లకును ఇరువది లక్షల డాలర్లకు పైగా వ్యయము చేసినది. అంతలో తీరరక్షణకై కొత్త చట్టము వచ్చినది. సంస్థ తనకు పాత హక్కు కలదని వాదించినది. భవన నిర్మాణమునకు అనుమతి పత్రము చేత లేనిచో, ఎంత వ్యయము చేసినను హక్కు సంక్రమింపదని న్యాయస్థానము తేల్చెను. అనుమతి పత్రమును పొంది, దానిని నమ్మి, చెప్పుకోదగిన పని చేసినప్పుడే ఆ హక్కు పుట్టును. అట్లయినచో, నిబంధనలు మారనున్న వేళ అనుమతి పత్రముల కార్యాలయము ముందు బారులు తీరుటలో ఆశ్చర్యమేమున్నది? నగరసభ నిలుపుదల ప్రకటించుట ఆ బారును ఆపుటకే.

ఈ ఉపాయమునకు న్యాయస్థానపు ఆమోదము నూరేండ్ల నాడే లభించినది. 1920వ దశకమున లాస్ ఏంజిలిస్ నగరము మిక్కిలి వేగముగా పెరుగుచుండెను. నగరమంతటిని మండలములుగా విభజించు సమగ్రమైన ప్రణాళికను నగరసభ తయారు చేయించుచుండెను. అది ముగియులోపల కొన్ని పేటలలో రెండు కుటుంబములకు మించి నివసించు భవనములను కట్టరాదని అత్యవసర నిబంధన చేసినది. మిల్లర్ అను యజమాని తన స్థలములో నాలుగు కుటుంబములు నివసింపదగిన ఇల్లు కట్టుటకు అనుమతి కోరెను, అధికారులు నిరాకరించిరి. వ్యాజ్యము రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయెను.

1925లో వెలువడిన ఆ తీర్పు తరువాతి వ్యాజ్యములకు దారి చూపినది. దాని సారాంశమిది: ఇంతటి నగరమునకు ప్రణాళిక ఒక్క దినమున తయారు కాదు, దానికి చాల కాలము పట్టునని అందరు నెరిగినదే. ఆ ప్రణాళిక ఇంకను పొదుగులో ఉన్న దశయందే, దానిని తప్పించుకొనదలచినవారు కట్టడములు లేపుచు పోయినచో, ప్రణాళిక పుట్టకముందే చెడును. కావున ఆ మధ్యకాలమున నిర్మాణములను ఆపు అధికారము నగరమునకు కలదు. న్యాయమూర్తులు కోడిగ్రుడ్డును పొదుగుటకు వాడు మాటనే అక్కడ వాడుట గమనింపదగినది. పొదుగుచున్న గ్రుడ్డును మధ్యలో కదలింపరాదు. అట్లని ఏ గ్రుడ్డునైనను ఎల్లకాలము పొదుగుట లేదు. ఈ రెండవ సంగతి మనకు మునుముందు మిక్కిలి అవసరమగును.

అధికారము కలదని తేలిన తరువాత దానికి హద్దులు గీయుట శాసనకర్తల వంతు. కాలిఫోర్నియా ప్రభుత్వ నియమావళిలోని 65858వ విభాగము ఈ హద్దులను స్పష్టముగా చెప్పుచున్నది. సాధారణముగా ఏ నిబంధన చేయవలెనన్నను ముందు ప్రకటన ఇచ్చి, ప్రజల మాట వినవలెను. కాని ముందుగా ప్రకటించినచో, మనము చెప్పుకొన్న పరుగుపందెము ఆ ప్రకటననాడే మొదలగును. అందుచేత తాత్కాలిక నిబంధనను ముందస్తు ప్రకటన లేకయే చేయవచ్చునని చట్టము వెసులుబాటు ఇచ్చినది. ఆ వెసులుబాటుకు ప్రతిగా కొన్ని కట్టుబాట్లు విధించినది. సభలో ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావలెను. అనగా ఐదుగురు సభ్యులున్న సభలో నలుగురు ఒప్పుకొనవలెను. ప్రజల ఆరోగ్యమునకో, భద్రతకో, క్షేమమునకో తక్షణమైన ముప్పు ఉన్నదని సభ కారణములు చూపి నిర్ణయింపవలెను. ఇంత చేసినను ఆ నిబంధన బ్రతుకు 45 దినములు మాత్రమే.

ఆ 45 దినములు చాలనిచో, ప్రకటన ఇచ్చి, బహిరంగ విచారణ జరిపి, మరల ఐదింట నాలుగు వంతుల ఓట్లతో 10 నెలల 15 దినములు పొడిగింపవచ్చును. రెండును కలిసి ఒక సంవత్సరమగును. అటుపిమ్మట అదే పద్ధతిని మరియొక సంవత్సరము పొడిగింపవచ్చును. దానితో సరి. గడువు ముగియుటకు పది దినముల ముందే, నిలుపుదలకు దారితీసిన పరిస్థితిని చక్కబెట్టుటకు ఈలోగా తాము ఏమి చేసినారో తెలుపు వ్రాతపూర్వకమైన నివేదికను సభ వెలువరింపవలెను. ఈ నివేదికను కోరుట చిన్న షరతుగా కనబడును గాని, ప్రాణమంతయు అందులోనే ఉన్నది. నిలిపినందుకు ఏమి సాధించితిరని పౌరుడు అడుగుటకు అది ఆధారము.

కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రమున ప్రణాళికా చట్టము 38వ విభాగము క్రింద ఇట్టి ఏర్పాటే కలదు. అక్కడ పురపాలక సభ మొదట ఆ ప్రాంతపు భూవినియోగమును గురించి అధ్యయనము జరుపవలెనని తీర్మానింపవలెను. తీర్మానము ఉన్నచోటనే నిలుపుదల చెల్లును. మొదటి గడువు ఒక సంవత్సరము. పొడిగించినను మొత్తము రెండేండ్లకు మించరాదు. అంతకన్న ముఖ్యమైన షరతు వేరొకటి కలదు. ఒకసారి నిలుపుదల ముగిసిన పిమ్మట, అదే నేలపై మూడేండ్ల వరకు మరల అట్టి నిలుపుదల విధింపరాదు. నేడు తీసివేసి రేపు మరల వేయు చమత్కారమునకు ఆ విధముగా తలుపు మూసిరి.

తాత్కాలిక నియంత్రణ యనగానే నగరమంతట తాపీ పని ఆగిపోవునని అనుకొనరాదు. దానిలో తరతమ భేదములు కలవు. ఒక్కొక్కప్పుడు నిర్ణీతమైన ప్రాంతమున ఏ కట్టడమును లేపరాదని పూర్తిగా నిషేధింతురు. ఒక్కొక్కప్పుడు ఒక రకపు కట్టడమును మాత్రమే ఆపుదురు; ఉదాహరణమునకు, చిన్న ఇండ్ల వీధిలో పాత ఇంటిని పడగొట్టి, హద్దులంటునట్లు పెద్ద భవంతి లేపుటను మాత్రము నిలిపి, తక్కిన పనులను సాగనిత్తురు. వేరొకప్పుడు నిషేధము బదులు, ప్రతి అర్జీని విడివిడిగా పరిశీలించి, రాబోవు ప్రణాళికకు భంగము కలిగింపనిదానికి అనుమతి నిత్తురు. పగిలిన కప్పును బాగుచేసికొనుట, అగ్నిప్రమాదమున కాలిన ఇంటిని తిరిగి కట్టుకొనుట వంటి పనులకు మినహాయింపు ఉండుట మంచి పద్ధతి. నిలుపుదల వలన ఎవనికైన దుర్భరమైన కష్టము కలిగినచో, తన గోడు చెప్పుకొనుటకు ఒక ద్వారముండవలెను.

ఇంతవరకు నగరము పక్షమున మాటలాడితిమి. ఇక భూమి యజమాని పక్షమున చూతము. నిలుపుదల ఉన్నంతకాలము అతడు తన నేలపై ఇటుక పేర్చరాదు. కాని ఆస్తిపన్ను ఆగదు. అప్పు తెచ్చి కొన్న స్థలమైనచో వడ్డీ ఆగదు. తలదాచుకొన్న అద్దె ఇంటికి అద్దె ఆగదు. పదిమంది మేలు కొరకు అతని స్థలము బీడుగా పడియుండెను గదా, ఆ నష్టము అతడొక్కడే భరింపవలెనా, లేక పదిమందియు పంచుకొనవలెనా? ఈ ప్రశ్నపై అమెరికా సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్లిన రెండు వ్యాజ్యములను చెప్పుకొనిన విషయము బోధపడును.

మొదటిది లాస్ ఏంజిలిస్ కౌంటీలోని కొండలోయకు సంబంధించినది. మిల్ క్రీక్ అను వాగు ఒడ్డున ఒక చర్చి 1957లో 21 ఎకరముల నేల కొని, లూథర్‌గ్లెన్ అను విడిదిని నడపుచుండెను. అందులో భోజనశాల, రెండు పడకశాలలు, కావలివాని ఇల్లు, ఆరుబయటి ప్రార్థనాస్థలము, వాగుపై ఒక కాలిబాట వంతెన ఉండెడివి. వికలాంగులైన బాలబాలికలకు అది ఆటవిడుపు స్థలము. 1977 జూలైలో ఎగువ కొండలపై కార్చిచ్చు రేగి, పరీవాహక ప్రాంతములో సుమారు 3,860 ఎకరములు దగ్ధమైనవి. చెట్టు లేని కొండ నీటిని నిలుపలేదు. 1978 ఫిబ్రవరి 9, 10 తేదీలలో గాలివాన వచ్చి 11 అంగుళముల వర్షము కురిసినది. వాగు గట్లు పొరలి విడిదిలోని కట్టడములన్నిటిని నాశనము చేసినది.

1979 జనవరిలో కౌంటీ ప్రభుత్వము ఒక తాత్కాలిక నిబంధన చేసి, ఆ వరద ప్రాంతమున ఏ కట్టడమును కొత్తగా లేపరాదని, పడిపోయినదానిని తిరిగి కట్టరాదని ఆజ్ఞాపించెను. ఏ నేల ఎంత ప్రమాదకరమో అధ్యయనము చేసి శాశ్వత నిబంధన తెచ్చుటకు ఆ వ్యవధి. నెల దాటినదో లేదో, చర్చివారు పరిహారము కోరుచు వ్యాజ్యము వేసిరి. అది సర్వోన్నత న్యాయస్థానమునకు చేరి 1987 జూన్‌లో తీర్పు వచ్చెను. ప్రభుత్వ నిబంధన ఒకని నేలను పూర్తిగా నిరుపయోగము చేసి, స్వాధీనము చేసికొనుటతో సమానమైనచో, ఆ నిబంధనను తరువాత ఎత్తివేసినంత మాత్రమున తప్పించుకొనుటకు వీలులేదనియు, అది అమలులో ఉన్నంత కాలమునకు పరిహారము చెల్లింపవలసినదేననియు ఆరుగురు న్యాయమూర్తులు తీర్మానించిరి; మువ్వురు విభేదించిరి. తాత్కాలికమను పేరు పెట్టినంతనే బాధ్యత తీరదని దాని తాత్పర్యము.

అయితే చర్చివారికి పరిహారము లభించెనా? లభింపలేదు. నిజముగా అట్టి స్వాధీనము జరిగినదా లేదా తేల్చుటకు వ్యాజ్యమును కాలిఫోర్నియాకు తిరిగి పంపిరి. అక్కడి అప్పీలు న్యాయస్థానము 1989లో కౌంటీ పక్షమున తీర్పు చెప్పెను. ప్రాణములకు ముప్పు ఉన్న చోట కట్టవద్దనుట న్యాయమేననియు, అధ్యయనము జరుగుచుండగా సమంజసమైన కాలము పని నిలుపుట ఆక్షేపణీయము కాదనియు పేర్కొనెను. కౌంటీ ప్రభుత్వము 1981లోనే తాత్కాలిక నిబంధన స్థానమున శాశ్వత నిబంధనను తెచ్చియుండెను; అనగా వ్యవధిని పనికి వాడుకొన్నది. ఆ వాగు ఒడ్డున పిల్లల పడకశాలను మరునాడే తిరిగి కట్టనిచ్చియున్నచో, మరియొక గాలివాన రాత్రి ఏమి జరిగియుండెడిదో ఊహించుకొనుడు. తొందరపడకుండుటయే కొన్నిచోట్ల ప్రాణరక్షణ.

రెండవ వ్యాజ్యము టాహో సరస్సును గురించినది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల సరిహద్దున, కొండలపై, ఆరువేల అడుగులకు మించిన ఎత్తున ఉన్న ఈ సరస్సు తన నీటి స్వచ్ఛతకు ప్రసిద్ధము. చుట్టును ఇండ్లు, బాటలు పెరిగిన కొలది వాననీరు నేలలో ఇంకక, మట్టిని, నత్రజని భాస్వరములను కొట్టుకొని సరస్సులో చేరుచుండెను. దానితో నాచు పెరిగి నీలపు నీరు మసకబారజొచ్చెను. రెండు రాష్ట్రములును ఒడంబడిక చేసికొని ఒక ప్రాంతీయ సంస్థను స్థాపించినవి. ఆ ఒడంబడికను 1980లో సవరించి, ఇన్ని నెలలలో పర్యావరణ ప్రమాణములు, ఆపైన ఒక్క సంవత్సరములో కొత్త ప్రణాళిక తయారు కావలెనని గడువు పెట్టిరి.

ఆ వ్యవధిలో సరస్సుకు హాని కలిగించు వాలునేలలపైనను, వాగుల ఒడ్డునను ఇండ్లు కట్టుటను సంస్థ నిలిపివేసినది. మొదటి నిలుపుదల 1981 ఆగస్టు 24న మొదలైనది. పని అనుకొన్న వేళకు ముగియలేదు. నిలుపుదలను పొడిగించిరి. ప్రణాళిక 1984 ఏప్రిల్ 26న గాని ఆమోదము పొందలేదు. మొత్తము 32 నెలలు గడచినవి. ఆ ప్రణాళిక సరస్సును కాపాడుటకు చాలదని కాలిఫోర్నియా రాష్ట్రము అదే దినమున వ్యాజ్యము వేయగా, న్యాయస్థానపు ఆజ్ఞ వలన 1987 వరకు పని మరల ఆగినది.

ఈ వేచియున్నవారు ఎవరు? వ్యాపారులు కొందరుండిన నుండవచ్చును. కాని వ్యాజ్యము వేసిన యజమానులలో అధికులు 1980కి పూర్వమే చిన్న స్థలము కొని, తీరిక దొరకినప్పుడు ఒక ఇల్లు వేసికొని, ఉద్యోగము విరమించిన పిమ్మట సరస్సు చెంత కాలము గడపవలెనని తలచిన కుటుంబములవారు. అరువది ఏండ్లవానికి ఆరేండ్లు ఎంత కాలమో చెప్పనక్కరలేదు. వారి పక్షమున వాదించినవారు, ఒక్క దినమైనను నేలను పూర్తిగా వాడుకొననీయనిచో పరిహారమీయవలెనని కోరిరి. 2002 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము ఈ వాదమును ఆరుగురు ముగ్గురుగా విడిపోయి త్రోసిపుచ్చినది. అట్టి కఠినసూత్రము పెట్టినచో, ఖర్చుకు భయపడి నగరములు హడావిడిగా ప్రణాళికలు వేయును, లేదా అసలు వేయకయే మానుకొనును. నిలుపుదల ఎందుకు పెట్టిరి, ఎంతకాలము పెట్టిరి, సద్బుద్ధితో పనిచేసిరా, యజమానికి కలిగిన నష్టమెంత అను అంశములను అన్నిటిని కలిపి తూచవలెనని నిర్ణయించినది. అయితే ఒక సంవత్సరము మించిన నిలుపుదలను ప్రత్యేకమైన అనుమానముతో చూడవలసినదేనని ఆ తీర్పులోనే హెచ్చరించినది.

ఆ అనుమానమునకు కారణము లేకపోలేదు. తాత్కాలిక నియంత్రణ ఒక మందు వంటిది. మోతాదు దాటినచో అదియే రోగమగును. సంపన్నులు నివసించు పేటలో అద్దె ఇండ్ల సముదాయము రానున్నదని తెలిసినంతనే అధ్యయనమను నెపముతో పని నిలిపి, ఆ అధ్యయనమును ఎన్నటికి ముగింపక, సామాన్యులు తమ వీధిలో అడుగు పెట్టకుండ చేసికొనుటకు ఈ చట్టము సాధనము కాగలదు. అందుచేతనే కాలిఫోర్నియా చట్టములో, పలు కుటుంబములు నివసించు భవనములను ఆపిన నిలుపుదలను పొడిగింపవలెనన్నచో అదనపు కారణములు చూపవలెనను షరతు చేర్చిరి. 2019లో ఆ రాష్ట్రము గృహసంక్షోభ చట్టము చేసి మరియొక అడుగు వేసినది. ఇండ్ల కొరత గల నగరములు గృహనిర్మాణమును నిలుపరాదనియు, ప్రజల ఆరోగ్య భద్రతలకు ఆసన్నమైన ముప్పు ఉన్నచో మాత్రము, రాష్ట్ర గృహశాఖ ఆమోదము పొంది నిలుపవచ్చుననియు శాసించినది. కట్టడములను ఆపుటకు న్యాయస్థానములు ఇచ్చిన అధికారమును, ఇల్లు లేనివారి మొగము చూచి శాసనసభ తగ్గించినదన్నమాట.

ఈ ఊహ మన దేశమునకు కొత్తది కాదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడే, 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టములో, ఒక ప్రాంతమునకు పథకము తయారు చేయ నిశ్చయించి ప్రకటించిన పిమ్మట, అనుమతి లేనిదే అక్కడ కట్టడము లేపరాదను కట్టుబాటు చేర్చిరి. 1966 నాటి మహారాష్ట్ర ప్రణాళికా చట్టమున కూడ, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయు సంకల్పమును ప్రకటించిన నాటి నుండి అనుమతి లేక భూవినియోగమును మార్చుటకు వీలులేదు. మాటలు వేరైనను, లాస్ ఏంజిలిస్ న్యాయమూర్తులు చెప్పిన న్యాయమే ఇందును కనబడును.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. 1908లో మూసీనది వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, నగరమునకు ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. వాని పరీవాహక ప్రాంతమును కాపాడుటకు ప్రభుత్వము 1994లో ఒక ఉత్తర్వును, దానిని సవరించుచు 1996 మార్చి 8న 111వ సంఖ్య గల ఉత్తర్వును వెలువరించినది. జలాశయములకు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు మొదలైనవానిని అది నిషేధించినది. ఇట్టి నిషేధము ఒక ప్రణాళిక వచ్చునంత వరకు పెట్టిన విరామము గాదు; నీటిని కాపాడుటకు చేసిన స్థిరమైన రక్షణ. స్థిరముగా ఉండవలసినదానిని స్థిరమనియే చెప్పవలెను; దాని మంచి చెడ్డలను ఆ దృష్టితోనే చర్చింపవలెను. తాత్కాలికమని చెప్పినదానికి మాత్రము తుది దినము ఉండి తీరవలెను. తాత్కాలికమని చెప్పి తుది తేదీ చెప్పకుండుట ఇరువురికిని అన్యాయము. నేల గలవాడు ఆశ విడువలేడు, నమ్మనూలేడు.

నగరము పని నిలిపినప్పుడెల్ల, అది పౌరుల యొద్ద కాలమును అప్పుగా తీసికొనుచున్నదని భావింపవలెను. అప్పు ఇచ్చువాడు ఏ ప్రశ్నలడుగునో ఆ ప్రశ్నలను పౌరుడును అడుగవలెను. ఎందుకు కావలెను? ఏ ముప్పు ఉన్నదని ఆపుచున్నారు? ఎంత మేర? నగరమంతయా, లేక చిక్కు ఉన్న వీధులేనా? ఎప్పటికి తీర్తురు? గడువు దినము నిబంధనలోనే వ్రాసియున్నదా? కష్టములో ఉన్నవానికి సడలింపు కలదా? అన్నిటికన్న ముఖ్యముగా, ఈ కాలముతో మీరు చేయు పని ఏమి? కొలతలు మొదలైనవా, పటములు తయారగుచున్నవా, ప్రజల మాట వినుటకు సభ ఎప్పుడు? ఈ ప్రశ్నలకు సమాధానములున్నచో, నిలుపుదలను సహించుట పౌరధర్మము. సమాధానములు లేనిచో, అది ప్రణాళిక పేరున జరుగు కాలయాపన.

అదే విధముగా, నిలుపుదల వచ్చుచున్నదని విని, రాత్రికి రాత్రి పునాది త్రవ్వించువాడు కూడ ఒక మాట యోచింపవలెను. నేడు తాను గెలిచిన పరుగుపందెము వలన రేపు వాననీరు ఎవరి ఇంటిలో చేరును? ఆ వాన తన ఇంటిని, పొరుగింటిని వేరుచేసి కురియదు.

ముగ్గు పోయుచున్న మేస్త్రి దగ్గర ఇంటివారందరును కొంతసేపు ఓపికతో నిలుచుందురు. ముగ్గు చక్కగా పడవలెనని వారి ఆశ. అయితే ఎండ నడినెత్తికి వచ్చినను మేస్త్రి ముగ్గుపిండి చేత పట్టుకొని కబుర్లు చెప్పుచు కూర్చున్నచో, పని మొదలుపెట్టవేమని అడుగు హక్కు వారికి కలదు. నగరమును తీర్చిదిద్దువారికిని, అందులో నివసించువారికిని నడుమ ఉండవలసిన ఒప్పందము ఇంతకన్న వేరు కాదు.